పిన్ని కాళ్ళకి తెలిసిన భూకంపం

పెడనలో మా పక్కింటి పిన్నిది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి, కింద కర్రలు తొక్కుతూ నేస్తుంది. ఆ ఉదయం నేను కాఫీ తాగుతుంటే గోడ మీద క్యాలెండరు ఊగింది. ఫ్యాను గాలేమో అనుకున్నాను. అంతలో పిన్ని కేకేసింది. గుంటలో కాళ్ళ కింద నేల కదిలిందంటుంది. వెళ్ళి చూస్తే మగ్గం వెనక గోడకి పైనుంచి కిందిదాకా సన్నటి బీట. మట్టితో కట్టిన పాత గోడ అది.

నేను బందరులో సైన్సు టీచర్ని. నోరు ఊరుకుంటుందా? టీవీలో రిక్టరు స్కేలు మీద ఐదు చిల్లర అన్నారని, అది మధ్యరకం భూకంపమేనని, ఎక్కడో దూరాన పుట్టింది మనదాకా వచ్చేసరికి నీరసపడిపోతుందని లెక్చరు దంచాను.

"పడుగు మీద ఇంకా నాలుగు చీరలున్నాయే. మగ్గం విప్పేయమంటావా?" అని అడిగింది పిన్ని.

"ఎందుకు పిన్నీ, ఏం కాదు," అన్నాను.

నాలుగైదు చీరలకి సరిపడా నిలువు దారాలు, అదే పడుగు, ఎక్కించాక అది అయిపోయేదాకా మగ్గం కదపరు మా వాళ్ళు. అలాంటిది తనే విప్పేస్తానందంటే ఎంత భయపడిందో! నా బుర్రకి తట్టలేదు.

తొమ్మిదో తరగతికి ఏటా నేను చెప్పే పాఠమే. టీవీలో చెప్పే అంకె, భూకంపం పుట్టినచోట దాని బలమెంతో చెబుతుంది. మన ఇల్లు ఎంత ఊగిందో చెప్పదు. అది కింద నేలని బట్టి, కట్టిన గోడని బట్టి ఉంటుంది. మాది కృష్ణ తెచ్చి పోసిన మెత్తటి మన్ను, కాస్త తవ్వితే నీళ్ళు. రాతినేల కంటే ఇలాంటి నేలే ఎక్కువ ఊగుతుంది. ఇదంతా బోర్డు మీద బొమ్మలేసి మరీ చెప్పేదాన్ని. పిన్ని గోడ ముందు నిలబడితే అంకె ఒక్కటే గుర్తొచ్చింది. ఏం చదువు నాది, తగలెయ్యనా!

మూడో చీర నేస్తుండగా ముసురు పట్టింది. బీటలోకి నీళ్ళు దిగి, గోడ మగ్గం మీదకి కూలింది. గుంటలోంచి కాళ్ళు పైకి తీసుకునేలోపే పిన్ని మోకాలు నలిగిపోయింది.

పిన్ని నన్ను నాలుగు తిట్టినా బాగుండేది. ఇప్పుడు అరుగు మీద కూర్చుని వేరేవాళ్ళ మగ్గాలకి కండెల మీద నూలు చుడుతోంది. మొన్న మళ్ళీ ఎక్కడో భూమి కంపించిందని టీవీలో వస్తే, ఈసారి అంకె వినకుండానే పిన్ని దగ్గరికి పరుగెత్తాను. నీకేమైనా తెలిసిందా అని అడిగాను.

"గుంటలో కాళ్ళుంటే కదే, తెలిసేది," అంది, కండె చుడుతూనే.