చీనీల పుట్టుపూర్వోత్తరాలు

తెలుగు వచ్చినవాడు తెలుగునాట ఎక్కడైనా ఇట్టే బతికేయగలడని నమ్మే వయసొకటి ఉంటుంది. నేను ఆ వయసులో ఉండగా, అరవయ్యో దశకం మొదట్లో, మా పత్రిక నన్ను గుంటూరు వైపు నుంచి తెచ్చి అనంతపురంలో విలేకరిగా వేసింది. దిగిన కొత్తలో అంగడికి వెళ్లి వేరుశనగలు అడిగితే అంగడాయన నన్ను ఎగాదిగా చూసి "బుడ్డలు కావాల్నా?" అన్నాడు. చిల్లర లేదంటే "దుడ్లు రేపియ్యిలేప్పా" అన్నాడు. ఇట్లాంటి మాటలు నాలుగైదు పట్టుబడగానే ఇక ఈ సీమ నాకు అర్థమైపోయిందనుకున్నాను. (పత్రికల్లో పనిచేసేవాళ్లకి ఈ జబ్బు తొందరగా పట్టుకుంటుంది. వదలడానికి మాత్రం ఏళ్లు పడతాయి.)

ఆ ఊళ్లో నాకు దొరికిన మొదటి స్నేహితుడు నాకంటే రెండింతల వయసువాడు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన ఆయన్ని ఊరంతా చైనా సార్ అనేది. చదువుకునే రోజుల్లో కలకత్తాలో ఒక చీనా వడ్రంగి ఇంటి మేడ మీద గదిలో ఉన్నాడట. కింద ఆ ముసలాయన చిత్రిక పడుతూ చెప్పిన కథలు చెవిలో పడ్డాయి, అంతే, జీవితమంతా వాటి వెంట నడిచాడు. రాజవంశాల మీద ఒకటి, పండగలూ తిండీ కట్టూబొట్టూ మీద ఒకటి, బొమ్మలూ కవిత్వాల మీద ఒకటి, మూడు లావుపాటి పుస్తకాలు రాశాడు. ఆ దేశం మాత్రం చూడలేదు. ఆ మాటే అడిగితే, "రాయలవారిని నేను చూసినానా? ఉద్యోగమంతా ఆయన పాఠమే గదప్పా చెప్పింది?" అనేవాడు. నన్ను పేరుతో పిలవడం ఎన్నడూ లేదు. "ఏం కోస్తా, టీ తాగుదామా?" అనేవాడు.

చైనాతో సరిహద్దులో యుద్ధం జరిగి ఇంకా వేడి చల్లారలేదు. ఒక సాయంత్రం సార్ పఠనాలయం మెట్ల మీద దిగాలుగా కూర్చుని కనిపించాడు. ఆ పఠనాలయానికి సెక్రటరీ ఒక బుడ్డల వ్యాపారి. మనిషి మంచివాడే, కానీ జాగ్రత్త మనిషి. సార్ పుస్తకాలు బీరువాలోంచి తీసేయాలన్నది ఆయన పట్టు. "తప్పుగా అనుకోవాకండి సార్. ఎవరూ చదివేది లేదు, యాడివాడ్నే దుమ్ము పట్టుండాయి. ఈ టైములో చైనా అనే పేరు బీరువాలో కనపడితే ఎవడో ఒకడు రాయి తీసుకుంటాడు. అద్దాలు పోతాయి" అన్నాడట. సార్ చాలాసేపు బతిమాలి ఒక ఒప్పందానికి తెచ్చాడు. ఒక్క ఉపన్యాసం ఇస్తాడు. హాలు నిండితే పుస్తకాలు ఉంటాయి. నిండకపోతే తనే సంచిలో వేసుకుని ఇంటికి తీసుకుపోతాడు. "దేశాల కొట్లాట ఉంటాది, పోతాది. పక్కింటోని సంగతి తెలుసుకోకుండా ఎన్నాళ్లు కాపురం జేస్తాం?" అని నన్నడిగాడు, సెక్రటరీని అడగాల్సిన ప్రశ్న.

ఇక బోర్డు మీద ఏం రాయాలన్న సమస్య వచ్చింది. చైనా అనే మాట ఉంటే సెక్రటరీ ఒప్పుకోడు, లేకపోతే ఉపన్యాసం దేని గురించో తెలియదు. అప్పుడు నాలోని పత్రికలవాడు నిద్రలేచాడు. "సార్, చీనీలు అని రాద్దాం. పాతకాలపు మాటలా గంభీరంగా ఉంటుంది, ఎవరికీ చురుక్కుమనదు" అన్నాను. సార్ కళ్లు మెరిశాయి. "భలే కోస్తా! హిందీలో కూడా చీనీ అనే గదా అంటారు" అన్నాడు. నేనే స్వయంగా అట్ట మీద పెద్దక్షరాలతో రాశాను. "చీనీల పుట్టుపూర్వోత్తరాలు. ఉపన్యాసం. అందరూ ఆహ్వానితులే." సెక్రటరీ దాన్ని రెండుసార్లు చదివి, మొహం వికసించి, "ఇదిగో, ఇట్లాంటిది చెప్పండి సార్, మనోళ్లకు పనికొస్తాది" అని తనే దాన్ని బస్టాండు దగ్గర కట్టించాడు. ఒక్క మాట మార్చి ఎంత వైరాన్ని చల్లార్చానో అని ఆ రోజు నా మీద నాకే గౌరవం కలిగింది.

ఉపన్యాసం నాటికి ఆ బోర్డు సంగతి బస్సు కండక్టర్ల నోట కళ్యాణదుర్గం దాకా, శింగనమల దాకా పోయింది. సాయంత్రమయ్యేసరికి హాలు నిండి కిటికీల్లో కూడా తలపాగాలే. కొందరు చంకలో ఎండుకొమ్మలు పెట్టుకొచ్చారు. ఒకాయన తువ్వాలులో పసుపుపచ్చ ఆకులు మూటగట్టుకొచ్చాడు. ఇంకొకాయన బుట్టలో వాడిపోయిన బత్తాయిలు తెచ్చాడు. మూడేళ్ల కరువులో కూడా పండితుడి దగ్గరికి వట్టిచేతులతో రాని జనం అనుకుని నా కళ్లు చెమర్చాయి. సార్ అయితే కళ్లజోడు మూడుసార్లు తుడుచుకున్నాడు. జీవితంలో అంతమంది ఆయన కోసం ఎన్నడూ రాలేదు.

"చీనీలు మొట్టమొదట ఉత్తరాన, పెద్ద నది పక్కన, పసుపుపచ్చ మట్టినేలలో నాటుకున్నారు" అని మొదలుపెట్టాడు.

"పచ్చమట్టా! మనది ఎర్రనేల గదా, అందుకే" అని ముందువరసలో ఒకాయన పక్కవాడితో అన్నాడు.

"వాళ్ల వేర్లు చాలా లోతైనవి."

"ఎన్నడుగులుంటాయి సార్?" అన్నాడు తువ్వాలు మూటాయన. శింగనమల వైపు రైతు, పొడుగాటి మనిషి.

సార్ దాన్ని చమత్కారమనుకుని నవ్వి ముందుకు సాగాడు. రెండు వంశాలు దాటాక ఆ రైతు లేచి నిలబడ్డాడు. "సార్, అదంతా సరే. మా చీనీలు కాపుకు రాకముందే ఎండిపోతాండాయి. దానికేం జేయల్లో చెప్పు."

"చీనీలు ఎండిపోయేదేమప్పా?" అన్నాడు సార్ అయోమయంగా. "నాలుగు వేల యేండ్లుగా ఉండారు."

"నాలుగు వేలా! మా తోటలో నాలుగేండ్లు నిలబడేదానికే చస్తాండాయే సామీ!"

బుట్టలో బత్తాయిల వంక చూశాను. రైతు చేతిలో ఆకుల వంక చూశాను. మా గుంటూరు బత్తాయిని ఈ సీమలో చీనీ అంటారన్న సంగతి అప్పుడు, అంతమంది మధ్య, నా నెత్తిన పడింది. సార్ ఇక్కడే పుట్టినవాడు, ఆ పండు తింటూ పెరిగినవాడు. కానీ ఆయన బుర్రలో ఆ మాట చైనాకి కాపురం పోయి ఎన్నేళ్లయిందో! గోడవారన నిలబడ్డ సెక్రటరీ మొహం అప్పుడే పాలిపోయింది.

సార్ ఆ రైతు దగ్గరికి నడిచి ఒక ఆకు తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. "నాయనా, తప్పు జరిగింది. నేను చెప్పొచ్చింది చైనా మనుషుల సంగతి. మీరొచ్చింది చెట్టు కోసరం. చెట్టు వైద్యం నాకు రాదు" అన్నాడు. బెంచీలు కిర్రుమన్నాయి. వెనక నుంచి ఎవరో, "ఆళ్లే గదా మన మీదికొచ్చింది? ఆళ్ల కథ మనకేల?" అని అరిచాడు. సగం మంది లేచారు. నేను మనసులో మూడు పుస్తకాలనూ సంచిలో పెట్టేశాను.

"ఒక్క మాట చెప్పి పొండి" అన్నాడు సార్, పెద్దగా కాదు. "మీరు కొర్రలు తింటారా?"

"కొర్రలు తినక బిర్యానీ తింటామా?" అన్నాడు రైతు.

"వాళ్లు మొదట పండించింది అదే. వరి కాదు, కొర్ర. వానల్లేని నేల. ఈ చీనీ చెట్టు కూడా ఆ దిక్కునుంచే వచ్చింది, దాని పేరే చెప్తాండాది. మన మీదికొచ్చినోళ్లు ఆ దేశం సిపాయిలు. కొర్రలు తినేది ఆ దేశం రైతులు. నేను రాసింది ఈ రెండో రకం వాళ్ల గురించి."

రైతు కూర్చోలేదు గానీ, కదల్లేదు కూడా. "వానల్లేకుంటే ఏం జేస్తాండ్రి?" అన్నాడు.

ఆ ప్రశ్న కోసమే కలకత్తా మేడ మీద నుంచి ఎదురుచూస్తున్నట్టు సార్ చెప్పడం మొదలుపెట్టాడు. బావులు, కాలవలు, పంట పండిన ఏడు గాదెల్లో దాచి పండని ఏడు పంచడం. ఎప్పుడో ఏడేళ్లు వానలు పడకపోతే ఒక రాజు తప్పంతా తనదేనని జుట్టు కత్తిరించుకుని, నన్ను బలి తీసుకోమని దేవుడి ముందు నిలబడ్డాడని వాళ్లు చెప్పుకునే కథ. లేచినవాళ్లు ఒక్కరొక్కరే కూర్చున్నారు.

"మనకాడ అట్ల జుట్టు కత్తిరించుకునే దొర ఒక్కడుండాడా?" అన్నాడొకాయన.

"మన దొరలకు జుట్టే లేదు గదన్నా!" అన్నాడు ఇంకొకడు. హాలంతా గొల్లుమంది. నవ్వులు తగ్గాక శింగనమల రైతు నెమ్మదిగా, "ఏడేండ్లంట. మనకు మూడేండ్లే గదా అయింది" అన్నాడు. వెళ్లేటప్పుడు ఆకుల మూట బల్ల మీదే వదిలేసి, "కొర్రలు తినేటోడైతే మాట్లాడొచ్చులే సార్, వానితో" అని సెలవు తీసుకున్నాడు.

హాలు నిండింది కాబట్టి సెక్రటరీ మాట నిలబెట్టుకున్నాడు, తన పద్ధతిలో. మర్నాడు చూస్తే చరిత్ర బీరువాలో పుస్తకాలు లేవు. అవి వ్యవసాయం బీరువాలో, ఎరువులకీ బావి మోటార్లకీ మధ్య ఉన్నాయి. "ఈడైతే ఎవడూ రాయి వేయడు సార్" అన్నాడు. సార్ ఏమంటాడోనని నేను భయపడ్డాను. ఆయన బీరువా ముందు నిలబడి తలూపి, "అగ్రికల్చర్‌లో కల్చర్ ఉండనే ఉండాది గదప్పా కోస్తా" అన్నాడు. ఆ తర్వాత రాసిన నాలుగో పుస్తకానికి మొదటి అధ్యాయం కరువు.

(నా వార్తలోని చీనీలని మా డెస్కువాళ్లు తమకు తెలిసిన తెలుగులోకి దిద్ది, "అనంతపురంలో బత్తాయి రైతుల సభ" అని వేశారు. నేను అభ్యంతరం చెప్పలేదు. చెప్పాలంటే అంతా చెప్పాల్సొచ్చేది.)

సార్ పోయిన చాలా ఏళ్లకి ఆ ఊరు మీదుగా వెళ్తూ పఠనాలయంలోకి తొంగిచూశాను. నాలుగు పుస్తకాలూ వ్యవసాయం బీరువాలోనే ఉన్నాయి, అట్టలు చిరిగి, మూలలు నలిగి, ఎరువుల పుస్తకాలకంటే అన్యాయంగా అరిగిపోయి. అక్కడున్న కుర్ర లైబ్రేరియన్ నా చేతిలో పుస్తకం చూసి నొచ్చుకుంటూ, "ఎవరో తప్పు బీరువాలో పెట్టినట్టుండారు సార్. చరిత్రలోకి మార్చేద్దునా?" అన్నాడు.

అప్పట్లో గుంటూరు నుంచి అన్నీ తెలుసనుకుని వచ్చిన ఆ కుర్ర విలేకరైతే ఏమని ఉండేవాడోగానీ, నా నోటికి వచ్చిన మాట వేరు.

"వద్దులేప్పా" అన్నాను. "ఆడనే ఉండనీ."