బిందె అంచున పేరు

బెంగళూరు కె.ఆర్.పురం స్టేషన్‌లో రైలు కోసం కూర్చుని, నోటుపుస్తకంలో మా వంశవృక్షం గీస్తున్నాను. నాన్న, తాత, ముత్తాత. అక్కడే ఆగిపోయింది. దొడ్డబళ్ళాపురంలో మగ్గం నేస్తానని చెప్పిన పక్కనున్నావిడ తొంగి చూసింది.

"ఆడోళ్ళు ఒక్కరూ లేరే. మీ అవ్వ పేరేమప్పా?"

నాకు నాయనమ్మ పేరు తెలియదు. నాన్న పసివాడుగా ఉన్నప్పుడే ఆమె పోయింది. నాన్నను నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఆయనా లేడు. ఆ మాటే చెప్పాను.

ఆవిడ సంచిలోంచి రాగి చెంబు తీసి, అంచున చుక్కలుగా కొట్టిన అక్షరాలు చూపించింది. "ఇది మాయమ్మ పేరు. కూతుర్ని అత్తగారింటికి పంపేటప్పుడు సామాన్లకి ఆ పిల్ల పేరు కొట్టించి ఇస్తారు గదా. మీ ఇంట్లో పాత సామాన్లు ఏమన్నా ఉండాయా? ముందు అవి చూడు."

ఒకటి ఉంది. "మాయమ్మది" అంటూ నాన్న ఎవరినీ అమ్మనివ్వని ఇత్తడి బిందె. ఆయన పోయాక అందులో మట్టి నింపి, బాల్కనీలో మనీప్లాంటు పెట్టాను.

ఇంటికెళ్ళి దాని అంచును చింతపండుతో తోమాను. కన్నడ అక్షరాలు ఒక్కొక్కటే తేలాయి. నంజమ్మ.

ఇన్నాళ్ళూ ఆ బిందెలో రోజూ నీళ్ళు పోసింది నేనే.