మంచు మీద తాలింపు

దక్షిణ ధ్రువం వైపు మన దేశం కట్టుకున్న పరిశోధన కేంద్రంలో నేను ఒక చలికాలమంతా వంట చేశాను. అక్కడ చలికాలమంటే సూర్యుడు మొహం చూపించడు, ఓడ రాదు, విమానం రాదు. ఉన్నవాళ్ళం ఉన్నట్టే ఉండాలి. సైంటిస్టులు మంచు కొలిచేవాళ్ళు, నేను బియ్యం కొలిచేవాణ్ణి. మాది వినుకొండ దగ్గర పల్లె. అంతకుముందు ఎన్నో ఊళ్ళ మెస్సుల్లో వండాను కాబట్టి హిందీ వచ్చు, చదువే రాదు. అక్కడి డాక్టరమ్మది ఒంగోలు. ఆ చీకటి నెలల్లో ఆవిడే నాకు అ ఆలు దిద్దించింది. ఇందులో తప్పులుంటే ఆవిడ్ని అడగండి.

ఆఖరి ఓడ వెళ్ళిపోయిన కొత్తలో ఒకరోజు కందిపప్పు వండి, ఇంట్లో పెట్టినట్టే తాలింపు పెట్టాను. గుప్పెడు ఎండుమిరపకాయలు తుంచి మరిగే నూనెలో వేశాను. మన వంటిళ్ళకు కిటికీ ఉంటుంది, పెరటి తలుపు ఉంటుంది. అక్కడ గాలి చొరబడని ఇనప పెట్టెలో ఉంటాం. ఘాటు ఎక్కడికి పోతుంది? నిప్పు అలారం కొట్టుకుంది. అది మోగితే ఎవరైనా సరే పని వదిలేసి బయటికి పరుగెత్తాల్సిందే. అందరూ మంచులో నిలబడి దగ్గుతున్నారు. ఒకాయన కాలికి ఒక్క బూటే ఉంది.

డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఇంతమంది ఇంతలా దగ్గారంటే మన స్టేషన్‌కి దిష్టి లేనట్టే బాబాయ్!"

"నువ్వూరుకో తల్లీ, అసలే పెద్దాయన మింగేసేలా చూస్తున్నాడు."

పెద్దాయనంటే మా లీడరు గారు, ఉత్తరాది మనిషి. "ఇక ఈ కప్పు కింద మిరపకాయ వేగకూడదు," అన్నాడు. "రేపు నిజంగా అంటుకుంటే, వంటాయన పప్పేలే అని ఎవరూ కదలరు. ఇది కాలిపోతే మనకు ఇంకో ఇల్లు లేదు."

ఆయన అన్నది నిజం. అయినా నాకు కడుపు మండిపోయింది. చలికాలమంతా ఇంకా ముందుంది. తాలింపు లేని పప్పు వండాను. మర్యాదకు తిన్నారు, సగం వదిలేశారు. నాకు వంటగదిలోకి అడుగుపెట్టబుద్ధి కాలేదు.

"ఇది పప్పా, జ్వరం పథ్యమా బాబాయ్?" అంది డాక్టరమ్మ ఒకరోజు.

"మీ లీడరు గారినే అడగమ్మా."

"అడుగుదాం పదండి. కప్పు కిందే కదా వద్దన్నాడు? కప్పు లేనిచోట పెడితే?"

ఇద్దరం వెళ్ళి అడిగాం. "గాలి లేని రోజు అయితే సరే. నిప్పార్పే సిలిండరు పక్కన పెట్టుకోండి," అన్నాడు.

గాలి ఆగడానికి వారం పైనే పట్టింది. ఆగిన రోజు పంపు స్టవ్వు బయట పెట్టాం. మధ్యాహ్నమే, కానీ లైట్లు వేసుకున్నాం. పప్పు గిన్నెకు దుప్పటి చుట్టి ఇద్దరు సైంటిస్టులు పెళ్ళికూతురి పల్లకీలా మోసుకొచ్చారు. నూనె గడ్డకట్టి నెయ్యిలా ఉంది. లావుపాటి చేతి తొడుగులతో ఆవాలు చిటికెడు పట్టుకోవడం నా వల్ల కాలేదు, డబ్బా పట్టుకుని వంచేశాను. ఎంతకీ చిటపటలాడవు.

"చలికి బిగుసుకున్నాయేమో," అంది డాక్టరమ్మ.

"బిగుసుకోవడానికి అవేమన్నా మీ సైంటిస్టులా? ఆగమ్మా!"

చిటపటమన్నాయి. వెల్లుల్లి, మిరపకాయలు వేశాను. పొగ నిటారుగా ఆకాశంలోకి లేచింది. పప్పులో పోయగానే చుయ్‌మంది. చలికి బయటికి రాలేమన్నవాళ్ళు కూడా కోట్లు తొడుక్కుని వచ్చి చుట్టూ మూగారు. సిలిండరు పట్టుకుని లీడరు గారే వచ్చాడు. వచ్చీ రాగానే గట్టిగా తుమ్మాడు. నేను మిరపకాయల డబ్బా వెనక్కి దాచుకున్నాను.

"అలారం మోగిందా?" అన్నాడు.

"లేదండీ."

"అయితే నా పళ్ళెం ఏది?"

లోపలికి వెళ్ళే ఓపిక ఎవరికీ లేదు, అక్కడే నిలబడి తిన్నాం. ఆఖరివాళ్ళకు పప్పు అంచుల్లో గట్టిపడింది, గోకి గోకి తిన్నారు. లీడరు గారు మారు వడ్డించుకుని, వాతావరణం చూసే కుర్రాడి వైపు తిరిగి, "రేపు గాలి ఎలా ఉంటుంది?" అన్నాడు.

మర్నాడు స్టేషన్ ఊగిపోయేంత గాలి. మళ్ళీ చప్పిడి పప్పే వడ్డించాను. ఎవరూ మొహం మాడ్చుకోలేదు. తింటూ తింటూ గాలి చప్పుడు వింటూ కూర్చున్నారు.