పెన్నలో వినిపించిన నా గొంతు

దయ్యాలనీ, గాలి సోకిందనీ చెప్పేవాళ్ళ మాట నేనెప్పుడూ లెక్కచేయలేదు. పామిడిలో పరుపులు కుట్టడం మా పని. మనుషులు చనిపోయిన పరుపులు కూడా మా దగ్గరికి వస్తాయి. వాటిని విప్పి, అదే దూదిని ఏకి, కొత్త గుడ్డలో కుట్టి ఇచ్చేస్తాం. భయపడేవాడికి ఈ పని సాగదు. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది భయస్తుడి మాటగా తీసుకోవద్దు.

మా దగ్గర పెన్న ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. వానలు బాగా పడి నీళ్ళు పారిన ఏడు మాత్రం జనమంతా పిల్లల్ని వెంటబెట్టుకుని ఏటికి పోతారు. ఈత తెలిసినవాళ్ళు తక్కువ. నేను చిన్నప్పుడే బావుల్లో నేర్చుకున్నాను. అందుకని మా బంధువుల్లో ఎవరు ఏటికి పోవాలన్నా నన్నే పిలిచేవాళ్ళు.

నా పద్ధతి నాది. ముందుగా పోయి పొడుగు వెదురుకట్టెతో అడుగు వెదికి చూస్తాను. ఎండాకాలంలో ట్రాక్టర్లు ఇసుక తోడిన గుంతలు నీళ్ళ కింద కనబడవు. నడుము లోతులో నడుస్తున్న మనిషి ఒక్క అడుగుతో మునిగిపోతాడు. అంచున ఇసుక కూడా జారుతుంది, ఈత వచ్చినవాడికైనా కష్టమే. గుంతలు లేని చోటు చూసి, పిల్లలు పట్టుకోవడానికి అడ్డంగా తాడు కట్టి, దాన్ని దాటొద్దని చెప్తాను.

అలా నీళ్ళు పారిన ఒక ఏడు నా తోడల్లుడు దాదాపీర్, అంటే నా భార్య చెల్లెలి మొగుడు, బెంగుళూరు నుంచి సెలవులకి వచ్చాడు. అక్కడ డబ్బు కట్టి ఈత నేర్చుకున్నాడట. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. మనిషి మంచివాడే. అది కూడా నాకు కష్టంగానే ఉండేది. చెడ్డవాడైతే తిట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది.

వచ్చిన రెండో రోజే ఏటిలో నాలుగు రకాల ఈతలు చూపించాడు. ఒడ్డున ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. నా భార్య కూడా కొట్టింది. నేను చిన్నప్పటి నుంచీ ఈదుతున్నాను, ఒక్కరోజు కూడా ఆమె నాకు చప్పట్లు కొట్టలేదు.

అంతకన్నా నా కూతురు షమీమ్ మాట గుచ్చుకుంది. దానికి పన్నెండేళ్ళు. నీళ్ళలో నా చెయ్యి వదిలేది కాదు. ఆ సాయంత్రం అన్నం తింటూ, "నాయనా, నాకు చిన్నాయన నేర్పిస్తాడంట. నువ్వు ఎప్పుడు చూసినా ఈడికి రావద్దు, ఆడికి పోవద్దు అంటాండావు," అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అన్నం సగంలోనే చెయ్యి కడుక్కున్నాను.

మర్నాడు మళ్ళీ ఏటికి బయల్దేరాం. పొద్దున్నే నేను పోయి కట్టెతో చూసి వచ్చాను. అవతలి ఒడ్డు వైపు ఒక గుంత తగిలింది. కట్టె మొత్తం దిగినా అడుగు అందలేదు. గుర్తుగా ఒక కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టాలనుకున్నాను. అంతదూరం ఎవరు పోతారులే అని వచ్చేశాను. ఆ గుంత సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. ఇది గుర్తుంచుకోండి.

పదకొండు గంటలప్పుడు నేను ఒడ్డున తుమ్మమొద్దుకి తాడు కడుతున్నాను. దాదాపీర్ నా వెనక నిలబడి అడిగాడు.

"అన్నా, ఆ పక్కకి పోయొస్తా. లోతేమన్నా ఉండాదా?"

నాకు స్పష్టంగా వినబడింది. వినబడనట్టు తాడు లాగుతూ కూర్చున్నాను. పోనీ, నాలుగు గుక్కలు నీళ్ళు తాగితే అందరి ముందూ ఆ గొప్ప కాస్త తగ్గుతుంది అనుకున్నాను. చచ్చిపోవాలని అనుకోలేదు. కానీ నోరు తెరవలేదు. అతను ఒక్క క్షణం ఆగి వెళ్ళిపోయాడు.

నేను తల ఎత్తలేదు. ముడి బిగియడానికి తాడు కొసను పళ్ళతో పట్టుకుని రెండు చేతులా లాగుతున్నాను. వెనక నా మరదలు ఫోన్‌లో వీడియో తీస్తోంది. ఉన్నట్టుండి ఒడ్డున మాటలు ఆగిపోయాయి. అప్పుడు చూశాను.

ఏటి మధ్య దాటి, నడుము లోతు నీళ్ళలో దాదాపీర్ కదలకుండా నిలబడి ఉన్నాడు. నా వైపే చూస్తున్నాడు. అతని భుజాల మీద షమీమ్ కూర్చుని ఉంది.

అది ఎప్పుడు అతని వెంట పోయిందో నాకు తెలియదు.

అతను మెల్లగా వెనక్కి అడుగులు వేస్తూ వచ్చాడు. ఒడ్డుకి చేరాక షమీమ్‌ని దించి కూర్చుండిపోయాడు. "ముందుకాలి కింద ఇసుక జారిపోయిందన్నా. నువ్వు అరవకపోతే ఇద్దరం పోయింటిమి," అన్నాడు.

"నేను అరిచినానా?"

"నిలబడు దాదాపీర్, ముందర గుంత ఉండాది అని అరిచినావు కదా."

నేను అరవలేదన్నాను. నా భార్య నా వైపు వింతగా చూసింది. "మేమందరం వింటిమి. నీ గొంతు నాకు తెలీదా?" అంది. మరదలూ విన్నానంది. షమీమ్ కూడా. ఆ కేక వినని మనిషిని నేనొక్కణ్ణే.

భయంలో అరిచి మర్చిపోయి ఉంటానని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట రెండు రోజులు నిలిచింది. తర్వాత మరదలి ఫోన్‌లో వీడియో చూశాను. ఒక మూల నేను పక్కకి తిరిగి కూర్చుని ఉన్నాను. తాడు కొస నా పళ్ళ మధ్యే ఉంది. దూరంగా షమీమ్ నవ్వడం వినబడుతోంది. దాదాపీర్ ఉలిక్కిపడి ఆగి, తల తిప్పి నన్ను చూశాడు. కేక మాత్రం ఎక్కడా లేదు. చాలాసార్లు చూశాను. నీళ్ళ చప్పుడులో కలిసిపోయి ఉంటుందంది మరదలు. అంత దూరం నుంచి పిల్ల నవ్వు వినబడిన ఫోన్‌కి, పక్కనే ఉన్న నా గొంతు ఎందుకు వినబడలేదు?

నాలుగు నెలలు ఓర్చుకుని దాదాపీర్‌కి ఫోన్ చేశాను. నువ్వు అడిగింది వినబడింది, కావాలనే చెప్పలేదు, నీ మీద కుళ్ళుతో ఊరుకున్నాను అని మొత్తం చెప్పేశాను.

"ఏమన్నా అనుకుంటివేమో, నాకు తెలీదన్నా," అన్నాడతను. "అరిచింది మాత్రం నువ్వే. నేను విన్న్యా."

ఇప్పటికీ పెళ్ళిళ్ళకీ, పండగలకీ కలిసినప్పుడు, అన్న కేకేసి మా ప్రాణాలు కాపాడినాడని పదిమందికీ చెప్తాడు. షమీమ్ నా పక్కకి వచ్చి కూర్చుంటుంది. ఆ పొగడ్త వింటుంటే నాకు మళ్ళీ అదే కడుపుమంట, ఈసారి దాదాపీర్ మీద కాదు. సరైన సమయానికి నోరు తెరిచిన మనిషి ఇంకెవరో. అతనెవరో నాకు తెలియదు.