నాయన కుట్టిన గోల్‌కీపర్ చొక్కా

ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలం కాదు, ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. జెద్దాలో ఆడపిల్లలు మైదానంలోకి దిగి బంతిని తన్నడం అప్పుడప్పుడే మొదలైంది. మా కాలేజీ కూడా ఒక ఫుట్‌బాల్ జట్టును తయారుచేసింది (తయారుచేసింది అనడం పెద్దమాట, పదకొండు మందిని పోగుచేసింది). నేను చేరింది ఆట మీద ప్రేమతో కాదు. ప్రాక్టీసుకు వచ్చినవాళ్ళకు గురువారం లెక్కల క్లాసు మాఫీ. ఇంట్లో ఒప్పించడానికి అరబ్బీ భాషే ఆదుకుంది. అక్కడ బంతిని ‘కూరా’ అంటారు. “అమ్మా, కాలేజీలో కూరా నేర్పిస్తాండారు, చేరేదా?” అన్నాను. (నేను అబద్ధమాడలేదని ఈనాటికీ వాదిస్తాను.) అంగడిలో ధరలు తప్ప అరబ్బీ ముక్క రాని మా అమ్మ పొంగిపోయింది. “చేరుమ్మే! ఇప్పుడన్నా చేతికింత వంటొస్తాది” అంది.

పరుగెత్తడం చేతకాదని నన్ను గోల్‌కీపర్‌ని చేశారు. మొదటి మ్యాచ్‌లో ఏడు గోల్స్ తిన్నాం, రెండోదాంట్లో తొమ్మిది, మూడోదాంట్లో ఎన్నో రిఫరీకే గుర్తులేదు. ఇంకొక్కటి ఓడితే జట్టును ఎత్తేస్తామన్నారు డీనమ్మ. మా ట్యునీసియా కోచ్, కనీసం చూడ్డానికైనా జట్టులా ఉందామని కొత్త చొక్కాలు కుట్టించబోయింది. అంతే, మా జట్టులోని హైదరాబాద్ పిల్ల ఎగిరి చెయ్యెత్తింది. “మన గోల్‌కీపర్ వాళ్ళ నాన్న షరఫియాలో దర్జీయే కదా మేడమ్!”

మరునాడు నాయన, కోచ్ పంపిన పేర్లూ నంబర్ల జాబితా పట్టుకొని నా ఎదుట కూర్చున్నాడు.

“ఒకటో నంబరు నీదేనా?”

“అవు నాయనా.”

“మీయమ్మకు తెల్సునా?”

“కూరా అనే చెప్పినా.”

నాయన కొలతల టేపును మూతికి అడ్డం పెట్టుకున్నాడు. లోపల నవ్వుందో కోపముందో కనబడలేదు. “లేసి నిలబడు, కొలత తీసుకోవల్ల” అన్నాడు.

అరబ్బుల పొడుగు తోబులు కుట్టే చెయ్యి, బిగుతు బట్ట ఎరగదు. నా చొక్కా మోకాళ్ళ దాకా వచ్చింది. అందులో ఇంకో గోల్‌కీపర్‌కు కూడా చోటుంది. చివరి మ్యాచ్‌కు కుటుంబాలను రానిచ్చారు కాబట్టి నాయన అంగడి మూసి మరీ వచ్చాడు. దేవుడి దయవల్లా, అవతలి జట్టులో ఇద్దరు మంచి ఆటగత్తెలకు జ్వరం రావడం వల్లా, ఆట సున్నా సున్నాగా ఆఖరి నిమిషం దాకా నడిచింది. అప్పుడు వాళ్ళ పొడుగుపిల్ల ఒంటరిగా నా మీదికి వచ్చింది. నేను కళ్ళు గట్టిగా మూసుకొని, ముడుచుకొని కూలబడ్డాను. పొట్టలో రోకలి పోటు పడినట్టయింది. కళ్ళు తెరిస్తే అందరూ వెతుకుతున్నారు. వలలో లేదు, వెనక లేదు. “వేన్ అల్ కూరా?” బంతి ఏదని రిఫరీ అరుస్తోంది. నేను మెల్లగా లేచి నిలబడ్డాను, నిండు నెలల మనిషిలా. చొక్కా కిందినుంచి దూరి బంతి పొట్టమీద ఇరుక్కుంది! రిఫరీకి నవ్వాగక రెండుసార్లు విజిల్ తప్పి, మూడోసారి ఊది, గోల్ కాదంది. మా జట్టు బతికింది.

ఇంటికి పోతుంటే కారులో నాయన అడిగాడు. “దెబ్బ గట్టిగా తగిలిందామ్మే?”

“ల్యా నాయనా, ఏం కాల్యా.”

“అయితే సరే. అమ్మకు నువ్వే చెప్పుకో. నాకంత ధైర్యం ల్యా.”

అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు (ఆ వారమంతా వంట నాదే). ఇప్పుడు ఆఫీసులో కాస్త తల నొస్తే చాలు సెలవుచీటీ రాసే నాకు, మూడు రోజులు పొట్ట కమిలినా ఎవరికీ చెప్పకుండా ఛాతీ విరుచుకు తిరిగిన ఆ పిల్ల గుర్తొస్తుంటుంది. ఎంత పొగరో దానికి! సీజన్ మొత్తంలో ఆపింది ఒక్క బంతి, అదీ కళ్ళు మూసుకొని.