తీసెయ్ సారు, పాల మిషను

బాలసుబ్రమణ్యం సారుకు ఒక్కటే జబ్బు. భూమ్మీద అక్కర్లేనిది ఏది కనబడినా ఆయనకు ఒళ్లు మండిపోతుంది. అక్కర్లేదని తేల్చేది ఎవరయ్యా అంటే, అదీ ఆయనే. "ఇది ఏంటికి?" అని అడుగుతారు. మనం జవాబు కోసం నోరు తెరిచేలోపలే "తీసెయ్!" అని తీర్పు కూడా ఇచ్చేస్తారు. అందుకే మా ఆఫీసులో వెనకాల అందరూ ఆయన్ని తీసెయ్ సారు అంటారు. ఆ సంగతి ఆయన చెవినా పడింది. "తీసెయ్ అంటే చాలు గదా, సారు ఏంటికి?" అన్నారట.

ఈ కత్తిరింపు తన పేరుతోనే మొదలుపెట్టారు. "యాభై దాటినోడికి బాల ఏంటికి?" అని ఆ ముక్క కోసేసి, ఉత్త సుబ్రమణ్యం అని సంతకం చేయడం మొదలుపెట్టారు. బ్యాంకువాళ్లు ఒప్పుకోలేదు. ఆ గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. సరే, తన పేరు తనిష్టం, కోసుకోనీ. నా పేరు జోలికి రావడమెందుకు? నా పేరు కృపామణి. మా నాయన చర్చిలో అందరి ముందూ ప్రార్థన చేయించి పెట్టిన పేరు. నేను ఉద్యోగంలో చేరిన రోజే ఈయన నా గుర్తింపు కార్డు చూసి, "కృప చాలు గదమ్మా, మణి ఏంటికి?" అన్నారు. ఆనాటి నుంచి ఆయన నోట నేను ఉత్త కృపనే. ఆ రోజు వచ్చిన కోపం నాకు ఇంతవరకూ దిగలేదు.

ఆయన స్కూటరు చూస్తే జాలేస్తుంది. పక్క డొప్పలు లేవు, వెనక సీటు లేదు, అద్దాలు అసలే లేవు. తిరుపతిలో ఒక కూడలి దగ్గర ట్రాఫిక్ పోలీసు ఆపాడు.

"అద్దాలు యాడ సార్?"

"నేను ముందరికి పోతా ఉండా. ఎనకాల సూసేది ఏంటికి?"

"ఎనక వచ్చేవాళ్లు కనబడొద్దా?"

"వాళ్లకు నేను కనబడతా ఉండా గదప్పా. చాలదా?"

జరిమానా రాయబోతే, ఆ కాగితంలో అన్ని గడులు ఏంటికని ఆయనే ఎదురు తగులుకున్నారు. వెనకాల బస్సులు హారన్లు కొడుతుంటే, పోలీసు చేతులెత్తి దండం పెట్టి పంపేశాడు.

ఒకసారి తిరుచానూరులో వాళ్లింటికి వెళ్లాను. హాల్లో రెండే కుర్చీలు. నాకొకటి, వాళ్లావిడ భారతమ్మగారికొకటి పోతే సారు నిలబడాల్సి వచ్చింది. "ఉండేది ఇద్దరం. మూడో కుర్చీ ఏంటికి?" అని నిలబడే వాదించారు. భారతమ్మగారు నా చేతికి కాఫీ ఇస్తూ, "ఇంట్లో ఇంగ మిగిలింది నేనొకదాన్నే పాపా. నన్ను ఎప్పుడు తీసెయ్ అంటాడో అని సూస్తా ఉండా" అని నవ్వారు.

ఇలాంటి మనిషికి దేవుడు ఎలాంటి ఉద్యోగం ఇచ్చాడో వినండి.

రేణిగుంట రోడ్డులో మాదొక చిన్న కంపెనీ. పల్లెల్లో పాల కేంద్రాలకు మిషన్లు చేస్తాం. పాలు తూచి, ఫ్యాటు, అంటే వెన్న ఎంత శాతం ఉందో చూసి, చీటీ కొట్టి ఇచ్చే మిషన్లు. లోపల చిన్న కంప్యూటరు బోర్డు ఉంటుంది. ఆ బోర్డును నడిపేది లినక్స్ అనే సాఫ్ట్‌వేర్. దానికి అట్టడుగున ఉండి ప్రాసెసర్ చేత, తూకం చేత, ప్రింటర్ చేత పని చేయించే మేస్త్రీ కెర్నెల్. దాన్ని లోకంలో ఉన్న నానా రకాల యంత్రాలకూ పనికొచ్చేలా రాసి పెట్టారు. కాబట్టి మన బోర్డుకు సరిపడేలా కట్టుకోవాలంటే ముందు అది ప్రశ్నలు వేస్తుంది. ప్రాసెసర్ ఏ జాతిది? ఇది కావాలా? అది కావాలా? ఒకటి కాదు, రెండు కాదు, వేల ప్రశ్నలు. బతుకంతా "ఇది ఏంటికి?" అని అడిగిన మనిషికి, పొద్దస్తమానం "ఇది కావాలా?" అని అడిగే యంత్రం దొరికింది. ఇక పట్టగలమా?

పాత బోర్డులు దొరకడం ఆగిపోయింది. మా యజమాని గిరి కొత్త రకం బోర్డులు తెప్పించాడు. వాటి ప్రాసెసర్ జాతే వేరు. పాత కెర్నెల్‌కు దాని భాషే అర్థం కాదు. అంతా మొదటి నుంచి కట్టాలి. పైగా బోర్డు మెమరీలో జాగా చాలా తక్కువ. పల్లెలో కరెంటు పోయి వచ్చిందంటే మిషను కళ్లు మూసి తెరిచేలోపల మళ్లీ లేవాలి. లేవకపోతే క్యాన్లతో వరుస నిలిచిపోతుంది, పాల వ్యాను ఆగదు, పాలు విరిగిపోతాయి. నగరి దగ్గర ఒక పల్లెలో పరీక్ష పెట్టారు. అక్కడ నెగ్గితే జిల్లా అంతా మా మిషన్లే. ఓడితే ఆ ఆర్డరు కోయంబత్తూరు వాళ్లకు పోతుంది, మా కంపెనీ తలుపులు మూసుకోవాల్సిందే. గిరి ఈ మాట చెబుతూ నాలుగుసార్లు మంచినీళ్లు తాగాడు.

సారూ నేనూ ముందు ఆ పల్లెకు వెళ్లి పాత మిషను ఎలా నడుస్తోందో చూశాం. కేంద్రం నడిపేది జయరావు. నేను తూకం సరిచూస్తున్నాను. సారు గుమ్మం దగ్గర నిలబడి, పాలు పోసి చీటీ తీసుకుని వెళ్లేవాళ్లని చూస్తున్నారు. ఉన్నట్టుండి ముఖం ఎర్రగా చేసుకుని లోపలికొచ్చారు.

"జయరావూ, ఈ చీటీ ఏంటికి? తీసెయ్!"

జయరావు బిత్తరపోయాడు. నాకు చిర్రెత్తింది. పాల మిషను ఉన్నదే చీటీ కోసం. "చీటీ లేకపోతే ఫ్యాటు ఎంతో వాళ్లకెట్లా తెలుస్తుంది సార్?" అన్నాను.

"ఉంటే మాత్రం తెలస్తా ఉండాదా?" అని విసురుగా వెళ్లి జీపులో కూర్చున్నారు.

మర్నాటి నుంచి కెర్నెల్ కోత మొదలైంది. ఆయన పక్కన కూర్చుని నేను చదవాలి, ఆయన తీర్పు చెప్పాలి.

"ఆటల జాయ్‌స్టిక్, సార్."

"ఆవుతో వీడియో గేమ్ ఆడతాడా జయరావు? తీసెయ్."

"టీవీ కార్డు."

"తీసెయ్."

"మన ప్రాసెసర్లో ఇద్దరు పనివాళ్ల లాగా రెండు భాగాలున్నాయి. రెండోదాన్ని వాడాలా?"

"ఊరుకోమ్మా, అది ఉండనీ. అది పని చేసేది."

ఇక్కడిదాకా నేనూ కాదనను. కానీ మనిషికి హద్దు ఉండాలి కదా. కెర్నెల్ లేచేటప్పుడు తను ఏమేం చేస్తోందో వరుసగా తెర మీద రాస్తుంది. డాక్టరుకు నాడి ఎలాగో మాకు ఆ రాతలు అలాగ. నేను టీ తాగి వచ్చేసరికి ఈ మహానుభావుడు వాటినీ తీసేశారు. నాకు చెప్పలేదు. బోర్డుకు కరెంటిచ్చాం. తెర నల్లగా ఉంది. నేనూ గిరీ కెర్నెల్ చచ్చిపోయిందనుకున్నాం. వైర్లు మార్చాం, బోర్డు మార్చాం. ప్రాసెసర్ జాతి తప్పు చెప్పామేమో అని మొత్తం మళ్లీ కట్టాం. గిరి బోర్డులు అమ్మినవాడికి ఫోన్ చేసి, వాడి వంశాన్నంతా తిట్టాడు. మధ్యాహ్నం విసుగొచ్చి నా టిఫిన్ బాక్సు తీసుకెళ్లి తూకం పళ్లెం మీద పెట్టాను. ప్రింటరు కిర్రుమంటూ దాని బరువు చీటీ కొట్టి ఇచ్చింది! మిషను పొద్దున్నుంచీ లేచే ఉంది. నోరు కోసేస్తే పాపం ఎలా చెబుతుంది?

"సార్!" అని అరిచాను.

"లేచినోడు నేను లేచినా, నేను లేచినా అని చెప్పుకుంటా తిరగాల్నా? పని చేస్తా ఉండాది గదా" అన్నారు చల్లగా. ఆ రోజు నేను అన్నం తినలేదు.

అంతటి మనిషి ఒక చోట ఆగారు. శబ్దం విభాగం వచ్చింది. నేను చదవకముందే తీసెయ్ అని టైపు చేయబోయాను.

"అది ఉండనీ."

సరిగా వినలేదేమో అనుకున్నాను. "సౌండు సార్. స్పీకరుది."

"తెలుసులే. ఉండనీ."

"మన బోర్డుకు స్పీకరే లేదు!"

"వస్తాది."

నేను నాకోసం అడిగిన వెసులుబాట్లన్నీ కోసేశారు. తప్పులు వెతికే సాధనం పెట్టుకుందామంటే, "తప్పు చెయ్యకుంటే పోలా?" అన్నారు. నా జాగా లాక్కుని పాల మిషన్‌కు పాటలు పెడతారా? నేరుగా గిరి దగ్గరకు వెళ్లి ఫిర్యాదు చేశాను. గిరి వచ్చి అడిగితే సారు తల ఎత్తకుండా, "జాగా సరిపోతా ఉండాది. లేసేది ఆలస్యమైతే అప్పుడు అడుగు" అన్నారు. నిజమే, ఆలస్యం కాలేదు. సౌండుకు జాగా కోసం ఆయన కంపెనీ బొమ్మ కోసేశారు. మిషను లేచేటప్పుడు తెర మీద కనబడాలని గిరి ముచ్చటపడి గీయించుకున్న బొమ్మ అది. గిరికి కళ్లనీళ్లు ఒకటే తక్కువ.

ఆ తర్వాత సారు సాయంత్రాలు స్టోర్ రూములో తలుపేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. బయటికి ఆయన గొంతు వినబడేది. "మూడు... నాలుగు... పాయింటు... జ్ఞానాంబా... లోకేశ్వరీ..." ఎవరీ ఆడవాళ్లు? భారతమ్మగారికి చెప్పాలా వద్దా అని నేనూ గిరీ తర్జనభర్జన పడ్డాం. కోసి కోసి ఆయనకే ఏదో నట్టు ఊడిందని చివరికి నిర్ధారించుకున్నాం.

పరీక్ష రోజు వచ్చింది. పొద్దున్నే కొత్త మిషను తీసుకెళ్లి జయరావు బల్ల మీద పెట్టాం. దాని పక్కన సారు ఎప్పుడు బిగించారో, ఒక చిన్న స్పీకరు. ఆర్డరిచ్చే పెద్దమనిషి ఒకాయన కుర్చీలో కూర్చున్నాడు. ఊరంతా పవర్ మగ్గాల చప్పుడు. క్యాన్లతో వరుస వీధి మలుపు దాకా ఉంది. సారు గుమ్మం వెనకాల నక్కి నిలబడ్డారు. నేను మిషను ఆన్ చేయబోతుండగా మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కరెంటు పోయింది. ఆ ఊళ్లో కరెంటు పోయిందని బల్బు చూసి తెలుసుకోనక్కర్లేదు. జయరావు పరుగున వెళ్లి బ్యాటరీ వైరు తగిలించాడు. గిరి కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి మిషను సిద్ధంగా ఉంది. కుర్చీలో పెద్దమనిషి ముందుకు వంగి చూశాడు.

వరుసలో మొదట తాయమ్మ. కళ్లకు పొర కమ్మిన ముసలమ్మ. పాలు పోసింది. జయరావు ఆమె నంబరు నొక్కగానే చీటీ వచ్చింది. చీటీ పట్టుకుని, అలవాటు ప్రకారం వెనక్కి తిరిగి, "ఎంత పడిందో సూడప్పా మునిచంద్రా" అంది. వెనకున్న మునిచంద్ర ఇకిలిస్తూ, "సున్నా అవ్వా. నీ ఆవు నీళ్లిచ్చినాది" అన్నాడు. వరుసలో నవ్వులు. ఇది రోజూ జరిగే వేళాకోళమట. తాయమ్మ ముఖం చిన్నబోయింది.

అప్పుడు మగ్గాల చప్పుడు లేని ఆ నిశ్శబ్దంలో మిషను మాట్లాడింది.

"తాయమ్మా! నాలుగు పాయింటు మూడు. మంచి పాలు. క్యాను తీసెయ్యమ్మా."

సారు గొంతు! అదే విసురు, అదే కసురు. వరుసంతా నోళ్లు తెరిచింది. తాయమ్మ నాలుగు వైపులా చెవి పెట్టి, "ఎవురప్పా నువ్వు? యాడ ఉండావు?" అంది. మిషను పలకలేదు. "ఇంగోసారి సెప్పు నాయనా" అని బతిమాలింది. రెండోసారి చెప్పే ఏర్పాటు అందులో లేదు. ఆయన అక్కర్లేదని తీసేసి ఉంటారు. గుమ్మం వెనక నుంచి, పట్టుకోలేక, "నాలుగు పాయింటు మూడమ్మా!" అని ఆయనే అరిచారు.

తాయమ్మ తల నిటారుగా పెట్టి, "నాలుగు పాయింటు మూడంట!" అని వీధి చివరిదాకా వినబడేలా చెప్పింది. క్యాను తీసుకుని పక్కకు జరిగింది, కానీ వెళ్లలేదు. మునిచంద్ర వంతు చూసి పోదామని నిలబడింది.

మునిచంద్ర పాలు పోశాడు.

"మునిచంద్రా! రెండు పాయింటు తొమ్మిది. నీళ్లు తగ్గించు. క్యాను తీసెయ్!"

అమ్మా లేదు, అప్పా లేదు. నవ్వులు ఎంత పెద్దగా లేచాయంటే కరెంటు వచ్చి మగ్గాలు మొదలైనా వినబడలేదు. కుర్చీలో పెద్దమనిషి కళ్లు తుడుచుకుంటూ, "ఈ గొంతు అన్ని మిషన్లలో వస్తాదా?" అని గిరిని అడిగాడు. గిరి తన బొమ్మ సంగతి ఆ క్షణమే మరిచిపోయాడు.

తిరుగుదారిలో జీపులో సారును నిలదీశాను. నాకు నవ్వు వస్తున్నా కోపమే ముందుంది. "ఆ రోజు తాయమ్మను చూసే చీటీ తీసెయ్ అన్నారు. సౌండు ఆవిడ కోసమేనని నాకొక మాట చెబితే ఏం పోయేది? నేను గిరి దగ్గర మీ మీద ఫిర్యాదు చేసేదాన్నా?"

"సెప్పేది ఏంటికి?" అన్నారు కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆర్డరు వచ్చింది. ఇప్పుడు కేంద్రం కేంద్రానికీ పేర్లు చదవడానికి ఆయన రోజూ స్టోర్ రూములో గొంతు చించుకుంటున్నారు. ఒక పెద్ద ఊరి జాబితాకు జాగా చాలలేదు. నేను లెక్క వేసి చూశాను. ప్రతి పేరుకూ చివర ఆయన పలికిన "క్యాను తీసెయ్యమ్మా"లో "అమ్మా" కోసేస్తే సరిగ్గా సరిపోతుంది. ఇన్నాళ్ల కసి తీర్చుకునే అవకాశం. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"సార్, ఈ అమ్మా ఏంటికి? తీసెయ్యనా?"

ఆయన కళ్లజోడు మీదుగా నన్ను చూశారు.

"వద్దు. కావాలంటే ఇంగేదన్నా తీద్దాం. అది ఉండనీ, కృపామణీ."

నేను సీట్లోకి వచ్చి కూర్చున్నాక గానీ నాకు వెలగలేదు. కృపామణి! ఇన్నేళ్లూ నా మణిని ఎక్కడ దాచిపెట్టుకున్నారో ఈ మనిషి, వెళ్లి అడగాల్సిందే.