చీర లేకుండా పాలిచ్చిన గేదె

మా గేదె నా భార్యకు తప్ప ఎవరికీ పాలివ్వదు. దూడగా ఉన్నప్పటి నుంచి ఆవిడే సాకింది. పోయిన వర్షాకాలం ఆవిడ పెరట్లో జారిపడి మణికట్టు విరగ్గొట్టుకోవడంతో పితకడం నా పని అయింది. ఇలాంటప్పుడు మా వైపు మగవాళ్ళు చేసేదే నేనూ చేశాను. లుంగీ మీద ఆవిడ పాత చీర చుట్టుకుని, చెంగు తలమీద కప్పుకుని కూర్చున్నాను. గేదె వాసన చూసి, కాసేపు ఆలోచించి, పాలు చేపింది.

కొన్నాళ్ళకు ఒక ఉదయం చూస్తే, ఉతికి ఆరేసిన చీర ఇంకా తడిగానే ఉంది. ఉత్త లుంగీతోనే వెళ్ళాను. గేదె తల కూడా తిప్పలేదు. చెంబు నిండా పాలిచ్చింది. డైరీలో "గేదెకు నేను అలవాటయ్యాను" అని రాసి, ఆ సంగతి భార్యకు చెప్పాను.

"మీకా?" అంటూ ఆవిడ పెరట్లోకి వచ్చింది.

గేదె అప్పటికి కాళ్ళు ఎడంగా పెట్టి ఊగుతోంది. నోటి నుంచి చొంగ కారుతోంది. కాకి వాలితే ఉలిక్కిపడి గోడకు గుద్దుకుంది. ఆవిడ పిలిచినా చూడలేదు.

"ఏవండీ, ఇది దక్కేలా లేదండీ," అని ఆవిడ కట్టు కట్టిన చేత్తోనే దాని మెడ పట్టుకుంది.

పశువుల డాక్టరు గారు వచ్చి, మేతలో చెయ్యిపెట్టి సగం నమిలిన కొమ్మ ఒకటి పైకి తీశారు.

"మాష్టారూ, గంజాయి కూడా మేపుతున్నారేంటండి?"

గోడ అవతల గదిలో అద్దెకున్నవాళ్ళు కుండీల్లో పెంచుకున్న మొక్కలట. ఇంటి ఓనరు వస్తున్నాడని పీకి, మా గడ్డిమోపు మీదికి విసిరేశారు. నేను చూసుకోకుండా గడ్డితో పాటు వేసేశాను.

"మెదడులో భయాన్నీ నడకనీ చూసుకునే చోట్ల పట్టేస్తుందండి ఇది. అందుకే ముందు మెత్తబడింది, ఇప్పుడు బెదురుతోంది. దీనికి విరుగుడు లేదండి. బొగ్గుపొడి మందు పట్టిస్తాను. చీకట్లో, చప్పుడు లేకుండా ఉంచండి. నేను చెప్పేదాకా పాలు ఎవరికీ పోయకండి. మత్తు వెన్నలోకి దిగుతుంది."

"మనం రోజూ పోసే పాస్టరు గారింటి పాలో?" అంది నా భార్య కంగారుగా.

"ఇంకా పంపలేదు," అన్నాను.

"ఆదివారం ప్రసంగం గట్టెక్కిందండి," అన్నారు డాక్టరు గారు.

పాక చుట్టూ గోనెలు కట్టాం. మర్నాడంతా గేదె మేత ముట్టలేదు, ఆవిడా సరిగ్గా తినలేదు.

ఆ తర్వాతి ఉదయం, పారబోయడానికైనా పితకాలి గనుక, లుంగీతోనే వెళ్ళి కూర్చున్నాను. గేదె నా వైపు తల తిప్పి చూసింది. తర్వాత గురిచూసి తన్నింది. చెంబు అరటిచెట్టు దగ్గర పడింది. నేను చెంబు పక్కన పడ్డాను.

వంటింటి గుమ్మంలోంచి ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"తగ్గిందండీ దానికి!" అంది. నాకేమైందని అడగలేదు.

నేను లేచి వెళ్ళి చీర తెచ్చుకున్నాను.